మూడో నీళ్లు

కట్టె వచ్చిన రోజు సుగుణమ్మ మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని తినకుండానే లేచిపోయింది.

మొఘల్‌పురాలో వాళ్ల ఇంటి ముందు భాగం దుకాణం, వెనక దొడ్డి కార్ఖానా, నడుమ సంసారం. దుకాణంలో కవ్వాలు, పప్పుగుత్తులు, చపాతీ పీటలు అమ్ముతారు. దొడ్డిలో ఖరాదు మిషన్ ఉంది. దాని మీద మొద్దును గిర్రున తిప్పుతూ చెక్కితే గుండ్రటి సామాను తయారవుతుంది. దొడ్డిలోకి ఏది పోవాలన్నా వంటింటి పక్క సందులోంచే పోవాలి. హమాలీలు మోసుకొచ్చిన పలకలు వంటింటి గుమ్మాన్ని రాసుకుంటూ పోయాయి. గుమ్మం పొడుగునా నల్లటి పాచి అంటుకుంది. వేలితో తీస్తే తీగలా సాగింది. చాలాకాలం నీళ్లు మార్చని చేపల తొట్టి వాసన. సబ్బుతో తోముకున్నా సరే, అన్నంలో చెయ్యి పెట్టగానే ఆ జిగట వేళ్ల సందుల్లో ఇంకా ఉన్నట్టే అనిపించింది.

సాయంత్రం సక్కుబాయి పలకల మీది పాచి గీకింది. సక్కుబాయి ఆ ఇంట్లో అంట్లు తోమి బట్టలుతికే మనిషి. ఎంత గీకితే కట్టె అంత పచ్చగా బయటపడింది. ఆకు పచ్చ కాదు. కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో పులుసు మరిచిపోతే అంచుకు పట్టే చిలుము రంగు.

"ఇంకా గీకాల్నా అమ్మా? నాచు పోతలేదు."

"అది నాచు గాదు, మందు," అన్నాడు రామ్‌చందర్. పాత సామాన్ల వ్యాపారి, ఈ కట్టె అంటగట్టింది అతనే. "ఫ్యాక్టరీల వేడినీళ్లు సల్లార్చే టవర్ ఉంటది గదా వదినా, గా టవర్ ఇప్పినప్పటి కట్టె. ఇన్నేండ్లు నీళ్లల్ల నానినా పుచ్చలే. చెద గూడ ముట్టది."

"చెద గూడ ముట్టని కట్టె మాకెందుకు అన్నా?"

"చెదకు నఖ్రాలు జాస్తి వదినా. మా వైకుంఠం సేఠ్‌కు గవేం లెవ్వు."

సుగుణమ్మ భర్త వైకుంఠం పకపకా నవ్వాడు. తన మీద వేసిన జోకు అని అర్థమయ్యాక కూడా నవ్వాడు. స్టీలు సామాను, మిక్సీలు వచ్చాక దుకాణం నీరసించింది. మంచి కట్టె ముట్టుకోలేనంత పిరమైంది. ఇది మట్టి ధరకు దొరికింది. పైగా నిటారుగా, ముడి లేకుండా, ఉలికి వెన్నలా లొంగే కట్టె. పచ్చదనం ఒక్కటే అడ్డం.

దానికి కొడుకు అనురాగ్ ఉపాయం చెప్పాడు. అతను ఊరి బయట మందుల కంపెనీలో, ల్యాబులో పని చేస్తాడు. "కట్టెల ప్రిజర్వేటివ్ సాల్టులు ఎక్కించిన్రు బాపు. ఆసిడ్‌ల నానేస్తే దిగుతయ్. ఫారిన్‌ల గిట్లనే తీస్తరు. నేను చదివిన."

వైకుంఠానికి ప్రిజర్వేటివ్ అంటే పచ్చడి సీసా మీద రాసి ఉండేది. సాల్టు అంటే ఉప్పు. "అంటే ఊరవెట్టిన కట్టె అన్నట్టు," అన్నాడు. "ఉప్పెక్కువైన మామిడికాయ ముక్కలను నీళ్లల్ల ఏసి పిండినట్టు పిండుడే."

"దాదాపు గంతే."

ఆ 'దాదాపు'ను తండ్రి వినలేదు. తల్లి విన్నది కానీ అడగలేదు.

ముందు ఖరాదు పనివాళ్లు పలకలను కోసి కవ్వాలుగా తిప్పారు. ఆ పొట్టు దొడ్డంతా లేచింది. ఆరేసిన చీరల మడతల్లో చేరింది. ఎండబెట్టిన కందిపప్పు మీద పచ్చటి దుమ్ములా వాలింది. నాలుక మీద రాగి పైసా పెట్టుకున్నట్టు నోరు చేదెక్కేది. ఊసినా పోయేది కాదు. తరువాత అనురాగ్ మూడు నీలం డ్రమ్ములు తెచ్చి బట్టలుతికే బండ పక్కన వరసగా పెట్టాడు. మొదటి రెండింట్లో ఆసిడ్ కలిపిన నీళ్లు, మూడోదాంట్లో మంచినీళ్లు.

"ఇది నీ ఫార్ములానే అమ్మా," అన్నాడు నవ్వుతూ.

ఆ ఇంట్లో మూడు నీళ్లు పోయనిదే ఏదీ లోపలికి రాదు. బియ్యం, ఆకుకూర, బజారు నుంచి తెచ్చిన గిన్నె, ఆఖరుకు పాల ప్యాకెట్టు కూడా. పనివాళ్లకు సుగుణమ్మ చెప్పేది ఒకటే మాట: మొదటి నీళ్లు మురికికి, రెండో నీళ్లు వాసనకు, మూడో నీళ్లు తేటగా కనపడ్డాయంటే ఇక అనుమానం లేదు. చుట్టాల్లో ఆమెను 'మూడు నీళ్ల సుగుణ' అని ఎక్కిరించేవాళ్లు. ఆమెకు ఆ ఎక్కిరింపు ఇష్టమే. కొడుకు అంత చదివీ తన పద్ధతే పట్టుకున్నాడంటే లోలోపల మురిసింది కూడా.

కానీ మొదటి డ్రమ్ము మూత తీసిన రోజు చూడలేకపోయింది. నీళ్లు చిక్కబడి, బాతు రెట్ట రంగులోకి తిరిగాయి. పైన నురగ. నురగలో ఏవో ఈగలు, రెక్కలు విప్పుకుని అతుక్కుపోయి ఉన్నాయి. ముక్కుల్లోకి సూదుల్లాంటి వాసన. అనురాగ్ రబ్బరు తొడుగులు వేసుకుని, మాస్కు పెట్టుకుని, డ్రమ్మును వంచి ఆ నీళ్లను మోరిలోకి వదిలాడు. మోరి గుటగుటా మింగింది.

మర్నాడు సక్కుబాయి చీపురు పట్టుకుని వచ్చి పిలిచింది. "అమ్మా, ఒక్కసారి వచ్చి చూడుండ్రి. మోరి కాడ బొద్దింకలన్నీ ఎల్లెలకల పడ్డయ్."

నిజమే. మోరి జాలీ చుట్టూ, కాళ్లు పైకి పెట్టి, గుత్తులు గుత్తులుగా. కొన్ని ఇంకా కదులుతున్నాయి. 

"మంచిగైంది తియ్," అన్నాడు వైకుంఠం పళ్లు తోముకుంటూ. "బొద్దింకల మందు ఖర్సు తప్పింది." నురగను కూడా ఆ మోరిలోకే ఉమ్మాడు.

సుగుణమ్మ కొడుకు వైపు తిరిగింది. "ఆ మోరి నీళ్లు ఎటు పోతయ్ అనురాగ్?"

"నాలాలకు."

"నాలాలకెల్లి?"

"మూసీలకు. అమ్మా, మూసీల లేనిది ఇది కొత్తగ ఏం కలుస్తది?" అని బండి తాళం తీసుకుని పోయాడు.

రెండో డ్రమ్ము నీళ్లు లేత పచ్చగా దిగాయి. మూడోది తేటగా దిగింది. చారు గిన్నె అడుగు కనపడ్డట్టు డ్రమ్ము అడుగు కనపడింది. అనురాగ్ ఒక చిన్న డబ్బా తెచ్చాడు. బోరునీళ్లలో విషం ఉందో లేదో చూసేది. మూడో నీళ్లు కొన్ని సీసాలో పట్టి, ఏదో పొడి వేసి, మూతలో తెల్ల కాగితం ముక్క పెట్టి బిగించాడు. కొంతసేపయ్యాక తీసి చూపించాడు. కాగితం తెల్లగానే ఉంది.

"పాస్," అన్నాడు.

ఎండిన కవ్వాలు మీగడ రంగులోకి తిరిగాయి. అంత అందమైన కట్టె ఈ మధ్య దుకాణంలోకి రాలేదు. సుగుణమ్మ రోజూ భోజనాలయ్యాక కూర్చుని ఒక్కోదానికి నువ్వుల నూనె రాసి గుడ్డతో తుడిచేది. దుకాణానికి మిగిలిన పేరు అదే. జహనుమా నుంచి, దబీర్‌పురా నుంచి ఆడవాళ్లు వచ్చి వైకుంఠాన్ని అడగరు. "అమ్మ నూనె పెట్టింది ఇయ్యండ్రి" అంటారు. వైకుంఠం లోపలికి కేకేస్తాడు. ఆమె తలుపు వారకు వచ్చి, సామాను చేతికిచ్చి, ఒక మాట చెబుతుంది. ఆ మాటకే అమ్ముడుపోతుంది.

అట్లా మొదట పట్టుకుపోయింది స్వీటీ. ఆమె భర్త డానియేలు రైల్వేలో పట్టాల పని చేస్తాడు. స్వీటీ ఎండాకాలం దబీర్‌పురా స్టేషన్ బయట మజ్జిగ బండి పెడుతుంది. పెద్ద కుండకు సరిపోయే కవ్వం కావాలని వచ్చింది.

"గింత తెల్లగున్నదేందమ్మా? రంగేసిన్రా?"

"రంగు మా ఇంట్లనా? మూడు నీళ్లు కడిగి, నా చేత్తోటి నూనె పెట్టిన బిడ్డా. కండ్లు మూసుకుని చిలుకు."

"మీరు చెప్పినంక ఇంకేంది," అని సంచిలో పెట్టుకుని పోయింది.

మిగిలిన వాటిని వైకుంఠం అమ్మనివ్వలేదు. టోకుగా పెద్ద ఆర్డరు పడుతుందని అన్నీ మూటలు కట్టించి దుకాణంలో అటక మీద పెట్టించాడు. ఇంటికని సుగుణమ్మ ఒకటి తీసుకుంది.

ఒక రోజు పెరుగు బాగా పులిసింది. సుగుణమ్మ పింగాణీ జాడీలో వేసి చిలికి, భోజనాలకు పోసి, ఎవరో పిలిస్తే కవ్వాన్ని మిగిలినదాంట్లోనే వదిలి పోయింది. ఆ సాయంత్రం చుట్టాలింట్లో పూజ. వచ్చేసరికి మరిచే పోయింది. పొద్దున సక్కుబాయి అంట్లకు జాడీ తీస్తూ ఆగింది.

"అమ్మా, సల్లల ఏమన్న కలిపిన్రా?"

తెల్లటి మజ్జిగ మీద కవ్వం చుట్టూ ఒక వలయం. పండిన పుండు చుట్టూ చీము గీత కట్టినట్టు, లేత పచ్చగా. కవ్వాన్ని పైకి లాగితే దాని గాడుల్లోంచి పచ్చటి చుక్కలు కారాయి. మీగడ రంగు పోయింది. తల భాగం లోపలి నుంచి చిలుము ఊరుకొచ్చి, గీకిన రోజు ఎట్లా ఉందో అట్లాగే ఉంది.

సుగుణమ్మ జాడీ మీద మూత పెట్టింది. మోరి దగ్గరికి నడిచి వాంతి చేసుకుంది. పొద్దున తాగిన చాయ్ తప్ప ఏమీ రాలేదు. నిన్న మధ్యాహ్నం ఆ మజ్జిగ తను తాగింది. వైకుంఠం, అనురాగ్ తాగారు. ఆ కవ్వంతోనే ఎన్ని రోజుల నుంచి చిలుకుతున్నదో తలుచుకుంటే నాలుకను కూడా మూడు నీళ్లతో కడగాలనిపించింది. కడిగినా ఏం లాభం, కడగడం మీదే నమ్మకం పోయింది.

అనురాగ్ ఆ రోజు డ్యూటీకి పోలేదు. ముందు జాడీని చూసి, "కాపర్ కొంచెం మిగిలినట్టుంది. కాపర్ ఏం కాదమ్మా," అన్నాడు. అన్నాడు గానీ ఊరుకోలేదు. అటక మీది మూట విప్పి కొత్త కవ్వం ఒకటి తీసి, గోరువెచ్చటి నీళ్లలో నిమ్మకాయ పిండి అందులో నిలబెట్టాడు. తల్లీ కొడుకులు వంటింట్లో కూర్చుని దాన్నే చూశారు. ఎండ గోడ దిగాక ఆ నీళ్లు సీసాలో పట్టి, పొడి వేసి, కాగితం పెట్టాడు.

కాగితం పసుపు రంగు తిరిగింది. తిరిగి, ఆగకుండా, తమలపాకు ఉమ్మిన మరక లాగా గోధుమ రంగుకు పోయింది.

"ఏందది?"

అనురాగ్ కాగితాన్ని వెలుతురుకు ఎత్తి చూశాడు.

"ఏందిరా అది? ఉప్పా?"

"ఆర్సెనిక్."

"తెలుగుల చెప్పు."

అతను సీసా మూత బిగిస్తూ, బిగిసిన దాన్నే మళ్లీ బిగిస్తూ, తల ఎత్తకుండా చెప్పాడు. "పాషాణం."

సుగుణమ్మకు ఆ మాట చిన్నప్పటి నుంచీ తెలుసు. ఎలుకలకు పెట్టేది. ఆడవాళ్లు తిట్టుకునేటప్పుడు ఒకరి కూట్లో ఒకరు కలుపుతామనేది. ఇన్ని రోజులు తన ఇంట్లో ప్రిజర్వేటివ్ అని, సాల్టు అని, మందు అని తిరిగింది ఇదే.

"నీకు ముందే తెలుసునా?"

"ఉంటదని తెలుసు. అందుకే గదా తీసిన. పచ్చగున్నది రాగి అమ్మా. పాషాణానికి రంగుండదు, వాసనుండదు. రంగు పోయింది గదా, అదీ పోయిందనుకున్న. మూడో నీళ్లు పాసైనయ్ గదా." సీసాను పక్కకు జరిపాడు. "నేను టెస్ట్ చేసింది నీళ్లను. కట్టెను గాదు. ఉత్త నీళ్లకు లోపలిది బయటికి రాలే. పులుపుకు వస్తున్నది."

"కవ్వం పెట్టేదే పులుపుల గదరా."

అతని చెవులు ఎర్రబడ్డాయి. చిన్నప్పుడు దెబ్బ తగిలితే అట్లాగే ఎర్రబడేవి. సుగుణమ్మకు జాలి కలగాలి. కలగలేదు. రబ్బరు తొడుగులు గుర్తొచ్చాయి. మాస్కు గుర్తొచ్చింది. డ్రమ్ములు వంచిన ప్రతిసారీ తన చేతులకు, ముక్కుకు అంత కాపలా పెట్టుకున్నవాడు, ఆ పక్కనే చేతులు ముంచి బట్టలుతుకుతున్న సక్కుబాయికి ఒక మాట చెప్పలేదు. నూనె రాస్తున్న తల్లికి కూడా చెప్పలేదు.

"సావరు అమ్మా. ఒక్క గ్లాసుకు ఎవలకేం గాదు. కని రోజు కొంచెం కొంచెం పోతే..." అని ఆపేశాడు.

"స్వీటీ రోజు చిలుకుతున్నది," అన్నది సుగుణమ్మ.

వైకుంఠం భోజనానికి వచ్చినప్పుడు చెప్పారు. మొదట నమ్మలేదు. కాగితం చూపిస్తే, తిప్పి తిప్పి చూసి, పీట పక్కన పెట్టాడు. తినడం ఆపలేదు. పప్పన్నం కలిపి పెద్ద ముద్ద నోట్లో వేసుకుని, దవడలు ఆడిస్తూనే మాట్లాడాడు.

"ఎవలకు చెప్పిన్రు?"

"ఎవలకు చెప్పలే."

"చెప్పకున్రి. ఫికర్ జెయ్యకున్రి. బస్తీల అమ్మద్దు, గంతే గదా. జిల్లాలకు పంపుదం. జాతరల్ల పోతయ్. జాతరల కొన్నోడు మళ్ల మొఘల్‌పురా దాంక వస్తడా అడగనీకి?"

"జాతరల కొన్నోళ్లు సల్ల తాగరా?" అన్నది సుగుణమ్మ.

"తాగుతరు, అరాయించుకుంటరు. ఊరోళ్లకు అరుగుదల మంచిగుంటది. ఇగ నువ్వు సైన్సు మొదలుపెట్టకు." గడ్డం మీద పడ్డ మెతుకును నాలుకతో అందుకున్నాడు. "పచ్చగైతె రంగేద్దం. ఎర్ర రంగు. జాతర సామానుకు రంగుంటేనే గిరాకి."

సుగుణమ్మ అలవాటుగా మజ్జిగ గ్లాసు తెచ్చి ఆయన కుడిచేతి పక్కన పెట్టింది. ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు: మూటలు ఎవరి ట్రాలీలో పోవాలి, రామ్‌చందర్‌తో ఏమనాలి. మాట్లాడుతూ మాట్లాడుతూ, చిటికెన వేలి గోరుతో గ్లాసును దూరం జరిపాడు. గ్లాసును చూడను కూడా చూడలేదు. కంచం దగ్గర చచ్చిన పురుగు పడితే నెట్టినట్టు, కొసగోరుతో, కంచానికి ఆనకుండా నెట్టాడు. కొంచెం ఆగి ఇంకొంచెం నెట్టాడు.

"అది స్టీలు గరిటెతోటి చిలికిన," అన్నది సుగుణమ్మ.

ఆయన నోరు ఆగింది.

"మంచి సల్లనే. తాగుండ్రి."

"నాకిప్పుడు దూప లేదు," అన్నాడు వైకుంఠం.

ఇన్నేళ్లలో ఆయన మజ్జిగ లేకుండా భోజనం ముగించిన రోజు లేదు. సుగుణమ్మ ఆయన ముఖం చూసింది. పెదవి మూల పసుపు పప్పు, అందులో ఒక ఆవగింజ. ఆ పెదవిని చూస్తే కట్టె వచ్చిన రోజు గుమ్మానికి అంటిన పాచి మీద చెయ్యి పడ్డట్టయింది.

ఆయన చెయ్యి కడుక్కుని తువ్వాలతో తుడుచుకుంటూ, గొంతు మెత్తగా చేసుకున్నాడు. "చూడు సుగుణా. స్టేషన్ కాడ ఉన్నదొక్కటి వాపస్ తెచ్చేసెయ్. అదొక్కటే మనకు దగ్గరున్నది. చీలిందని చెప్పు. పాలిష్ మంచిగ రాలేదని చెప్పు. టేకుది పెద్దది ఇచ్చేసి రా. లొల్లి ఒడుస్తది. నువ్వైతెనే మంచిగుంటది, నీ మాట నమ్ముతది."

ఆ ఆఖరు మాట ఆమె దారంతా మోసుకుపోయింది.

ఆటో మున్నాది. గల్లీ చివర నిలబెట్టుకునే పిల్లగాడు, దుకాణం సామాను కూడా వేస్తుంటాడు. ఒళ్లో టేకు కవ్వం పెట్టుకుని సుగుణమ్మ దబీర్‌పురా స్టేషన్ బయట దిగేసరికి ఎండ మాడ్చేస్తున్నది. స్వీటీ బండి చుట్టూ జనం ఉన్నారు. తడి గోనెపట్ట చుట్టిన కుండలో స్వీటీ రెండు చేతులతో చిలుకుతున్నది. తాడు లేని పెద్ద కవ్వం, అరచేతుల మధ్య గిరగిరా తిరుగుతున్నది. పైకి వచ్చిన నురగ అంచు దాటి కారుతున్నది.

"ఓ అమ్మా! గీ ఎండల వచ్చిన్రేంది! గుండయ్య తాతా, జర జరుగు, అమ్మను నీడకు రానియ్. మీ కవ్వం మస్తుందమ్మా. నురుగు చూడుండ్రి, బీరు లెక్క పొంగుతున్నది."

"అందుకే నేను రోజు వస్తున్న," అన్నాడు గుండయ్య అనే ముసలాయన, సగం తాగిన గ్లాసు ఎత్తి చూపిస్తూ. "కొందరు బీరని మోసపోయి వస్తరు. నేను తెలిసే వస్తున్న."

అందరూ నవ్వారు. 

"స్వీటీ, అది ఇటియ్యి బిడ్డా. చీలింది. ఇగో, టేకుది తెచ్చిన."

స్వీటీ కవ్వాన్ని పైకి తీసి, మజ్జిగ విదిలించి, తిప్పి చూసింది. "ఏడ చీలిందమ్మా? ఎంట్రుకంత గీత గూడ లేదు. మీ ఇంట్ల ఉన్నదేదో చీలిందేమో, దీన్ని చూసి చెప్తున్నరు."

"పాలిష్ మంచిగ రాలేదు..."

"కవ్వానికి పాలిష్ ఎందుకమ్మా, పెండ్లికి పోతదా? వద్దు వద్దు. టేకుది పిరం. మీరు గింత దూరం వచ్చిన్రు, ముందు ఒక గ్లాసు తాగుండ్రి." కవ్వాన్ని మళ్లీ కుండలో ముంచి, ఒక గ్లాసు నింపి ఆమె ముందు పెట్టింది. ఇంకో గ్లాసు నింపి, బస్తా దించి పక్కన నిలబడ్డ హమాలీ వైపు చెయ్యి చాపింది. "పొద్దున డానియేలు గూడ సీసాల పోసుకుపోయిండు. సల్ల లేంది పట్టాల మీద నిలవడలేడు."

గ్లాసు అంచున నురగ బుడగలు ఒక్కొక్కటే పేలుతున్నాయి. తెల్లగా, చల్లగా, కరివేపాకు వాసనతో. రంగు లేదు. ఏమీ లేదు. హమాలీ చెయ్యి గ్లాసు మీద పడింది.

"పొయ్యకు," అన్నది సుగుణమ్మ. "ఎవలు తాగకున్రి. దీంట్ల పాషాణం ఉన్నది."

హమాలీ చెయ్యి ఆగింది.

"ఏందీ?" అన్నాడు గుండయ్య.

"ఎండ కొట్టింది ఆంటీకి," అని ఎవరో నవ్వారు. "నిమ్మకాయ నీళ్లు తాపిచ్చుండ్రి."

"ఎండ కొట్టలే. నేను మొఘల్‌పురా వైకుంఠం భార్యను. కవ్వాల దుకాణం మాదే. గీ కట్టె మంచిది గాదు. కట్టెకు చెద పట్టద్దని పాషాణం ఎక్కించిన కట్టె ఇది. పోయిందనుకున్నం. పోలే. పుల్లటి దాంట్ల పెడితే దిగుతున్నది. మా అటక మీద ఇంకా మూటలున్నయ్. ఎవలొచ్చి అమ్మినా కొనకున్రి."

చెప్పేసింది. ఇక సాయంత్రంలోగా ఈ మాట చార్మినార్ దాటిపోతుంది. దుకాణం ముందు ఎవరూ నిలబడరు. ఇంట్లో ఆయన ఎట్లా అరుస్తాడో కూడా ఆమెకు తెలుసు.

గుండయ్య గ్లాసును బండి మీద పెట్టాడు. పక్కకు పోయి, వంగి, ఊశాడు. మళ్లీ ఊశాడు. బొటనవేలితో నాలుకను గీక్కున్నాడు. నవ్విన మనిషి బండికి రెండడుగులు దూరం జరిగాడు. హమాలీ తన చేతి వైపు చూసుకుని లుంగీకి తుడుచుకున్నాడు. "ఒక్క గ్లాసుకు ఏం గాదంట," అన్నది సుగుణమ్మ, "కడుపుల బాగ లేకపోతే దవఖానకు పోన్రి, నా పేరు చెప్పున్రి." ఆమె గొంతు ఆమెకే దుకాణం గుమ్మంలో మాట్లాడినట్టు వినపడి అసహ్యమేసింది.

స్వీటీ కేకలు వేయలేదు. కుండ మీద మూత పెట్టి, చెంగుతో చేతులు తుడుచుకుంది. అరచేతులు తిప్పి చూసుకుంది.

"మా ఆయన పొద్దున సీస తీస్కపోయిండు," అన్నది మెల్లగా. ఫోను తీసి చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. మూడోసారికి ఎత్తాడు. "తాగినవా? ...సీస, సల్ల సీస. సగమా? పారబొయ్యి. ఎందుకంటే నేను చెప్తున్న గనక. పారబొయ్యి ముందు. కుక్కలు తాగే కాడ పొయ్యకు. ఏమో, యాడనన్న పొయ్యి."

ఫోను పెట్టేసి, కుండను రెండు చేతులతో ఎత్తబోయింది. రోడ్డు పక్క మోరి వైపు తిరిగింది.

"మోరిల వద్దు బిడ్డా."

"మరి యాడ పొయ్యాలె? మీరే చెప్పున్రి."

సుగుణమ్మ మోరికి అడ్డం నిలబడింది. "నాకియ్యి. నేను తీస్కపోత."

స్వీటీ గ్లాసులు కడిగే ప్లాస్టిక్ బకెట్ ఖాళీ చేసి, కుండలోది అందులో వంచింది. గ్లాసుల్లో మిగిలినవి కూడా. గుండయ్య వదిలిన సగం గ్లాసులో నురగ గోడకు అంటుకుని ఉంది, దాన్ని వేలితో తోసి మరీ వంచింది. కవ్వాన్ని బకెట్లో నిలబెట్టింది. టేకు కవ్వం బండి మీదే ఉంది. స్వీటీ దాన్ని తాకలేదు. గోనెపట్ట కొసతో పట్టుకుని సుగుణమ్మ సంచిలో పడేసింది.

బకెట్ బరువుగా ఉంది. ఎవరూ సాయం రాలేదు. ఎత్తేసరికి చింది సుగుణమ్మ కుచ్చిళ్లు, పాదాలు తడిశాయి. వేళ్ల సందుల్లోకి చల్లగా, జిగటగా దిగింది. రెండు చోట్ల దించి, మళ్లీ ఎత్తి, ఆటో దాకా మోసింది.

"బకెట్ రేపు పంపిస్త బిడ్డా," అన్నది వెనక్కి తిరిగి.

"వద్దమ్మా," అన్నది స్వీటీ. కోపంగా కాదు. బేరం వద్దన్నట్టు కూడా కాదు. "మీ ఇంట్ల కడిగింది నాకొద్దు."

మున్నా ఆటో నడుపుతూ అద్దంలో చూశాడు. "జరా సంభాల్‌కే అమ్మా, సీటు ఖరాబైతది." సుగుణమ్మ బకెట్‌ను మోకాళ్ల మధ్య బిగించి పట్టుకుంది. గుంత పడ్డప్పుడల్లా కవ్వం అంచుకు కొట్టుకుని, పుల్లటి నీళ్లు మోచేతుల దాకా చిందాయి. ఎండకు అవి చర్మం మీదే ఆరి, అట్ట కట్టి, బిగుసుకున్నాయి. తుడుచుకోవడానికి చెంగు తప్ప ఏమీ లేదు. చెంగుకు తుడవబుద్ధి కాలేదు. పట్టాల పక్క ఖాళీ జాగాలో మేకలు మేస్తున్నాయి. నాలా గోడ మీద పిల్లలు కూర్చుని ఉన్నారు. ఒక చోట చెత్త కుప్ప ఉంది, దాని మీద ఒక ముసలామె ప్లాస్టిక్ ఏరుతున్నది.

"యాడనన్న ఆపాల్నా? పారబోస్తరా?" అడిగాడు మున్నా.

"వద్దు."

"మరి ఇంటికేనా?"

"ఇంటికే. దుకాణం ముంగట ఆపు," అన్నది సుగుణమ్మ. "గిరాకి కూసునే బల్ల కాడ దించుదం. అందరికి కనపడేటట్టు."